తలుపు దగ్గర మొదలైన మంచు

అయ్యో, ఇదేం పని చేశాను నేను! జల్లెడ ఇంకా చేతిలోనే ఉంది, అందులో చిటికెడు పొడి కూడా మిగల్లేదు, నా చుట్టూ తెల్లగా, నున్నగా, ఎక్కడా ఒక్క మడత లేకుండా మంచు పరుచుకుని ఉంది, నేనేమో అద్దం పక్క మూలలో, పీట వేస్తే సరిపోయేంత చోటులో రెండు కాళ్లూ దగ్గరగా పెట్టుకుని నిలబడ్డాను, తలుపు ఆ చివర ఉంది. ముప్పై ఏళ్ల నుంచి ఈ బట్టల కొట్టు షోకేసులు సర్దుతున్నదాన్ని. మంచు అంటే నిజం మంచేం కాదు, కింద తెల్ల గుడ్డ, దాని మీద దూది, దాని మీద సన్నటి ఉప్పు, అన్నిటికంటే పైన మెరుపు పొడి, జల్లెడ పట్టి పైపైన రాల్చాలి, రాల్చాక ఇక ఎవరూ అడుగు పెట్టకూడదు, వేలు తగిలినా మచ్చ పడుతుంది. అందుకే ఈ పనిలో చేరిన మొదటి రోజే చెబుతారు, అద్దం దగ్గర మొదలుపెట్టు, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ రా, తలుపు దగ్గర ముగించి బయటపడు అని. ఇల్లు తడిగుడ్డతో తుడిచే మనిషికి కూడా తెలుసు ఈ సంగతి. నేను ఇవాళ తలుపు దగ్గర మొదలుపెట్టాను. మొదలుపెట్టి, రాల్చుకుంటూ రాల్చుకుంటూ వచ్చి, వీపుకి అద్దం చల్లగా తగిలేదాకా చూసుకోలేదు. ఎవరికైనా చెబితే నవ్విపోతారు.

గడియార స్తంభం ఐదు కొట్టి ఎంతసేపయిందో. ఆరు కొట్టగానే కోట గుమ్మం నుంచి వంతెన దాకా ఈ పాత వీధి మొత్తం క్రిస్మస్ దీపాలు ఒక్కసారిగా వెలుగుతాయి, అదే నిమిషంలో అన్ని కొట్లవాళ్లూ అద్దాల మీద అతికించిన కాగితాలు లాగేస్తారు, జనం హో అంటారు, పిల్లలు ముక్కులు అద్దానికి నొక్కిపెట్టి చూస్తారు, ఏటా ఇదే తంతు. అప్పటిదాకా ఈ కాగితం వెనక ఏముందో ఎవరికీ తెలియకూడదు. బయట అప్పుడే గుంపు చేరుతోంది, ఎవరివో నీడలు కాగితం మీద అటూ ఇటూ పోతున్నాయి, ఎవరో పాప అమ్మా లోపలేముంది లోపలేముంది అని ఒకటే గోల, లోపల నేనున్నానమ్మా, ఒక తెలివితక్కువది ఉంది, కాసేపాగితే నువ్వే చూస్తావు. కాగితం లాగేసరికి ఈ బొమ్మల పక్కన నేను జల్లెడ పట్టుకుని నిలబడి ఉంటే ఎలా ఉంటుంది? నాకే నవ్వొచ్చింది, నవ్వితే ముక్కులో పొడి దూరింది, తుమ్ము వచ్చేలా ఉంది, తుమ్మితే అయిపోయింది, అంతా ఎగిరిపోతుంది, రెండు వేళ్లతో ముక్కు గట్టిగా పట్టుకున్నాను. తుమ్ము పోయింది. ఎడమ కాలు తిమ్మిరెక్కుతోంది.

ఎవరినైనా పిలవొచ్చు. వెనక చెక్కల అవతలే మేనేజరు తిరుగుతుంటాడు, కాని కొట్టు లోపల పాటలు హోరెత్తిపోతున్నాయి, గొంతు చించుకున్నా వినబడదు, వినబడినా ఏం చెబుతాను, అయ్యా నేను నా మంచులో నేనే ఇరుక్కున్నాను అనా? ఏమ్మా, నువ్వు కూడానా అంటాడు, అనడమే కాదు వచ్చే ఏడాది క్రిస్మస్ దాకా అంటూనే ఉంటాడు. చెక్క పలక వేయించుకుని నడిచి రావచ్చు, పలక పెడితే పలకంత మచ్చ. గెంతుదామంటే యాభై రెండేళ్ల మోకాళ్లు. మిగిలిన మెరుపు పొడి కింది అంతస్తు కొట్టుగదిలో ఉంది, దాని తాళం మేనేజరు మొలలో. పోనీ ఆరయ్యేదాకా ఇలాగే నిలబడదామంటే కాళ్లు నిలబడతాయేమో కాని మనసు నిలబడటం లేదు. తలుపు పక్కన మేకుకి నా కోటు వేలాడుతోంది, కోటు జేబులో ఫోను ఉంది, అది ఇందాకటి నుంచి ఉండుండి బుర్రుమంటోంది. అదిగో మళ్లీ. ఆగింది. ఎవరో నాకు తెలుసు.

మేనేజరు కూడా కావచ్చు కదా, ఎక్కడున్నావు, అయిందా అని. కావచ్చు. కాని కాదు.

పొద్దున తొమ్మిదింటికి నేను మహారాణికి చేతి తొడుగు తొడుగుతున్నాను. మహారాణి అంటే ఈ బొమ్మల్లో తల్లి, కుడిచేతి వేలు ఒకటి విరిగింది, పదేళ్ల నుంచి తొడుగు లేకుండా దాన్ని జనంలోకి తేవడం లేదు. అప్పుడు మోగింది. చూస్తే కొత్త నంబరు. అక్కా, నేనే, అంది. నాలుగేళ్ల తర్వాత ఆ గొంతు. నా చెల్లెలు, దాన్ని చిన్నప్పటి నుంచీ పిచ్చుక అనే పిలుస్తాను, ఇప్పుడు దానికి నలభై మూడు. "సాయంత్రం మీ స్టేషన్లో రైలు మారాలి. ఐదు నుంచి ఆరూ ఇరవై దాకా ఉంటాను. వస్తే రా," అంది. ఎక్కడికే అన్నాను. దూరంగా ఎక్కడో పుస్తకాలు కుట్టే పెద్ద ప్రెస్సులో పని దొరికిందట, సామానంతా తీసుకుని పోతోందట, ఇక ఇటువైపు రాదట. నాకు సంతోషం వేసిందా, ఏడుపు వచ్చిందా, ఏమో, నోట్లోంచి వచ్చిన మాట ఏమిటంటే, "ఇవాళ షోకేసు తెరవాలే." ఛీ, నా నోరు పడిపోను. "తెలుసు, ఏటా ఈ రోజే కదా," అంది అది, కోపంగా కూడా కాదు, రైలు వేళలు చెప్పినట్టు చెప్పింది. "నేను మళ్లీ అడగనక్కా. ఇదే ఆఖరు," అంది. చూస్తాలే అన్నాను. చూస్తాలే! ఎవరికి చెప్పాలి ఆ మాట, బట్టలు చూపించే దుకాణదారుకి చెప్పాలి, తోడబుట్టినదానికా చెప్పేది?

స్టేషను ఇక్కడికి ఎంత, వంతెన దాటితే పది నిమిషాలు, ఈ జనంలో అయితే పావుగంట. నాలుగున్నరకే నా పని అయిపోవాలి, అవుతుంది అనుకునే మొదలుపెట్టాను, అయిన వెంటనే కోటు వేసుకుని వెళ్లిపోదామనే అనుకున్నాను, ఒట్టు. ఈ పెట్టెలకి రిబ్బన్లు కట్టడం ఆలస్యమైంది. పన్నెండు పెట్టెలు, అన్నీ ఖాళీవే, ముప్పై ఏళ్లుగా ఖాళీ పెట్టెలకి రిబ్బన్లు కడుతున్నాను, చుట్టూ కూర్చున్న ఈ తండ్రీ తల్లీ కూతురూ ముప్పై ఏళ్లుగా వాటిని విప్పబోతూనే ఉన్నారు. నీకేం మహారాణీ, నిన్ను ఎక్కడ పెడితే అక్కడ కూర్చుంటావు, నీకు చెల్లెలు లేదు, స్టేషను లేదు. అలా చూడకు. నీ కళ్లకి నేనే కదా రంగు వేసింది.

కాగితం సందుల్లోంచి బయటి వెలుగు అప్పుడే నీలంగా మారింది, పైన బాల్కనీ నుంచి బాల్కనీకి కట్టిన తీగలు గాలికి ఊగుతున్న నీడ కనిపిస్తోంది, ఇంకా వెలగని బల్బులు నల్లగా ఉన్నాయి. నాన్నకి ఈ వేళ ఇష్టం. నాన్న కొట్ల అద్దాల మీద పేర్లు రాసేవాడు, లోపలి వైపు నిలబడి తిరగేసి రాస్తే బయటివాళ్లకి సరిగ్గా కనిపించేది, ఈ వీధిలో సగం కొట్ల పేర్లు ఆయన చేతివే. డిసెంబరులో నన్నూ పిచ్చుకనీ చెరో చేతికి పట్టుకుని ఈ వీధంతా తిప్పేవాడు, అందరూ బొమ్మల్ని చూస్తుంటే మేం ముగ్గురం అక్షరాలు చూసేవాళ్లం, ఇదిగో ఈ వంపు చూడండి, వణికిందా, వణకలేదు, ఆ రోజు నాకు జ్వరం తెలుసా అని పొంగిపోయేవాడు. పిచ్చుకకి అక్షరాలు పట్టేవి కావు, దానికి దీపాలు కావాలి, ఎత్తుకో అక్కా ఎత్తుకో అని నా ప్రాణం తీసేది, నాకు పద్నాలుగు, దానికి ఐదు, అమ్మ పోయి అప్పటికి నాలుగు నెలలు. ఎత్తుకుంటే నా జడ చివర పట్టుకునేది, నిద్రపోయినా వదిలేది కాదు, జడ విడిపించుకోవడానికి రోజూ రాత్రి ఎంత అవస్థ పడేదాన్నో. మరీ గట్టిగా లాగితే లేచి కూర్చుని ఎక్కడికి పోతున్నావు అనేది. ఎక్కడికీ పోవడం లేదే తల్లీ, పడుకో, అనేదాన్ని. మళ్లీ ఫోను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఆగిపోయింది.

ఎన్ని నిమిషాలు ఉందో. మేనేజరు నిమిషానికొకసారి చేతి వాచీ చూసుకునే రకం, నాకు వాచీ కట్టుకునే అలవాటే లేదు, పొడిలో పట్టీ పాడవుతుందని. నాన్న మంచం పక్కన గోడ గడియారం ఉండేది. ఆయనకి ఆ ఆఖరి ఏడాది రంగుల్లో కలిపే టర్పెంటైనుతో పాడైన ఊపిరితిత్తులు పూర్తిగా మొండికేశాయి, మూడు దిళ్లు ఎత్తుగా పెట్టి కూర్చోబెడితేగాని ఊపిరి అందేది కాదు. పిచ్చుక పని మానేసి ఇంట్లో ఉండిపోయింది. ఇలాంటి రోజే, ఇలాగే కాగితాలు అతికించి ఉన్న రోజే, మధ్యాహ్నం మూడింటికి కొట్టుకి ఫోను చేసింది, "నాన్న నిన్ను అడుగుతున్నాడక్కా, డాక్టరు ఇవాళ గడవదంటున్నాడు," అని. పని అయిపోగానే వస్తా అన్నాను. ఆరున్నరకి వెళ్లాను. ఆరుకి పది నిమిషాలుందనగా పోయాడు. గుమ్మంలో నన్ను చూసి అది ఒకే ఒక్క మాట అడిగింది, చుట్టాలందరి ముందూ, "పని అయిపోయిందా అక్కా?" అని. అయిపోయింది అన్నాను. అంతే, ఆ తర్వాత మా మధ్య మాటల్లేవు. ఊళ్లో వాళ్లందరూ నన్నే వెనకేసుకొచ్చారు, పాపం దాని ఉద్యోగం అలాంటిది, ఆ ఒక్క రోజూ వదిలితే కుదరదు, అది మాత్రం ఏం చేస్తుంది అన్నారు. నేనూ అదే అన్నాను. అందరికీ అదే చెప్పాను, నాకు నేను కూడా అదే చెప్పుకున్నాను, చెప్పుకుని చెప్పుకుని అది నిజంలాగే అయిపోయింది.

బయట ఎవరో అద్దం మీద వేళ్లతో తాళం వేస్తున్నారు, టకటక టకటక, ఆపండయ్యా, నా గుండెల మీద కొట్టినట్టుంది. కాలు మార్చుకుందామంటే చోటు లేదు. తెల్లటి ఈ మంచు వైపు చూస్తున్నకొద్దీ కళ్లు మండుతున్నాయి, ఎంత బాగా వచ్చిందో, ఈ ముప్పై ఏళ్లలో ఇంత నున్నగా ఎప్పుడూ రాలేదు, తలుపు దగ్గర పొర మందంగా, ఇటు వచ్చేకొద్దీ పల్చగా. తలుపు దగ్గర మందంగా ఎందుకుంది? ఎందుకంటే అక్కడ రెండుసార్లు రాల్చాను. గుర్తుంది. గడప పక్కన వంగుని, నిదానంగా, ఒకసారి రాల్చి, చాల్లేదనుకుని మళ్లీ రాల్చాను. చెయ్యి తిరిగినదాన్ని, కళ్లు మూసుకుని కూడా ఈ పని చెయ్యగలిగినదాన్ని, పరధ్యానంలో తలుపు దారి మూసేశానంటే ఎవరు నమ్ముతారు? నేనే నమ్మను. ఇది పొరపాటు కాదు. కావాలనే చేశాను. వెళ్లలేకపోయానే పిచ్చుకా, మంచులో ఇరుక్కుపోయాను, నమ్ము, అని చెప్పుకోవడానికి చేశాను.

ఆ రోజు కూడా అంతే. చెప్పేస్తే పోతుంది, వినేది ఈ బొమ్మలే కదా. ఆ రోజు నా పని నాలుగింటికే అయిపోయింది. నాలుగింటికి ఆఖరి గుండుసూది కూడా గుచ్చేశాను. కోటు వేసుకుని కూడా మళ్లీ విప్పేశాను. ఇదే షోకేసులో, కుర్చీలో కూర్చుని, ఒక శాలువాని మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టి, రెండు గంటలు. భయం. ఊపిరి అందక నాన్న నోరు తెరిచి నా వైపు చూస్తాడే, ఆ చూపు నేను చూడలేను. అమ్మ పోయినప్పుడు చూశాను, ఇంకొకటి నా వల్ల కాదు. పిచ్చుక చూసింది, నాకంటే తొమ్మిదేళ్లు చిన్నది, ఒక్కతే కూర్చుని చూసింది. నేను ఇక్కడ శాలువా మడతపెట్టాను. వెధవ పని, సిగ్గుమాలిన పని, ఎన్ని క్రిస్మస్‌లకి ఎన్ని షోకేసులు సర్దినా అది సర్దుకోదు.

ఎంతసేపని నిలబడతాను ఇలా?

కుడి కాలు ఎత్తి మంచులో వేశాను. కరకరమని ఉప్పు చప్పుడు, బూటు లోతుగా దిగింది, ఇంత మచ్చ. ఇంకో అడుగు. తండ్రి బొమ్మ కాళ్ల దగ్గర నుంచి, పెట్టెల మధ్య నుంచి, ఒక రిబ్బను కాలికి చుట్టుకుంటే విదిలించి, ఏడు అడుగులు వేసి తలుపు చేరాను. తిరిగి చూడలేదు, చూస్తే సరిచెయ్యాలనిపిస్తుంది. కోటు లాక్కుని చిన్న తలుపు తోసుకుని కొట్టులోకి వచ్చి పడ్డాను. మేనేజరు ఎదురొచ్చాడు, "ఎక్కడికమ్మా, ఇంకా పది నిమిషాలే ఉంది, రెండుసార్లు ఫోను చేశాను, అంతా సిద్ధమేనా?" అన్నాడు. "మంచులో ఏనుగు నడిచింది, చూసుకోండి," అన్నాను. ఆయన నోరు తెరిచి ఏదో అంటూనే ఉన్నాడు, నేను వీధిలో ఉన్నాను.

జనం, జనం, జనం. అందరూ కోట గుమ్మం వైపు మొహాలు పెట్టి నిలబడ్డారు, నేనొక్కదాన్నే ఎదురు నడుస్తున్నాను, జరగండమ్మా, కాస్త దారివ్వండయ్యా, ఎవరి కాలో తొక్కాను, ఎవరో తిట్టారు. ఫోను తీసి చూస్తే రెండు పిలుపులు మేనేజరువి, ఒకటి పొద్దుటి కొత్త నంబరుది. ఒక్కటే. చేశాను. మోగుతోంది, మోగుతోంది, ఎత్తింది. వెనక రైళ్ల సంగతి చెప్పే ఆడగొంతు.

"పిచ్చుకా, నేను ఒక మాట చెప్పాలి, మధ్యలో ఆపకు. నాన్న పోయిన రోజు నా పని నాలుగింటికే అయిపోయిందే. ఆరింటిదాకా ఊరికే కూర్చున్నాను. ఇంటికి రావడానికి భయమేసింది. చుట్టాలందరికీ అబద్ధం చెప్పాను. నీక్కూడా."

నేను నడుస్తూనే ఉన్నాను, ఫోను పెట్టేస్తుందేమో, పెట్టేసినా సరే, చెప్పాను.

"ఐదింటికి నేను కొట్టు దగ్గరికి వచ్చానక్కా," అంది.

"ఎప్పుడు?"

"ఆ రోజే. పక్కింటి పిన్నిగారిని నాన్న దగ్గర కూర్చోబెట్టి, నిన్ను లాక్కుపోదామని పరిగెత్తుకుంటూ వచ్చాను. కాగితం అంచు ఒకచోట ఊడి ఉంది, అందులోంచి చూశాను. నువ్వు ఏ పనీ చెయ్యట్లేదు, ఊరికే కూర్చున్నావు."

కాళ్లు ఆగిపోయాయి. వెనకనుంచి ఎవరో భుజంతో గుద్దుకుని పోయారు.

"మరి తట్టలేదేమే?"

"ఒళ్లు మండిపోయింది. రాకపోతే రాకపోనీ, బతికినన్నాళ్లూ కుమిలిపోనీ అనుకున్నాను. వెనక్కి వెళ్లిపోయాను. అక్క వస్తోందా అని నాన్న అడిగాడు. వస్తోంది నాన్నా అన్నాను. అద్దం మీద ఒక్కసారి తట్టి ఉంటే నువ్వు వచ్చేదానివి. తట్టలేదక్కా. అందుకే నీకు మొహం చూపించలేకపోయాను ఇన్నాళ్లూ. కోపంతో కాదు."

గడియార స్తంభం ఆరు కొట్టడం మొదలుపెట్టింది. వీధి ఈ చివర నుంచి ఆ చివరకి దీపాలు భగ్గుమన్నాయి, వేల గొంతులు ఒక్కసారిగా హో అన్నాయి, కాగితాలు చిరుగుతున్న చప్పుడు, చుట్టూ ఎరుపూ పసుపూ మొహాలు, ఫోనులో అది ఏమందో ఒక్క ముక్క వినబడలేదు, ఏడుస్తోందో పిలుస్తోందో తెలియలేదు. ఒక చెవి చేత్తో మూసుకుని, వంతెన వైపు పరిగెత్తుతూ, అంత గోలలోనూ వినబడేలా అరిచాను.

"ఏ ప్లాట్‌ఫారం మీదున్నావే?"